బలి, త్యాగం: సిలువ కథనాల్లో దైవత్యాగ భావన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- బలి, త్యాగం అనే రెండు మాటల మధ్య తేడాను వివరించగలుగుతారు.
- యేసు మరణాన్ని మార్కు, లూకా, యోహాను సువార్తలు ఏయే విధంగా చిత్రించాయో పోల్చి చెప్పగలుగుతారు.
- ఆ మరణానికి క్రైస్తవ ఆలోచనాపరులు ఇచ్చిన ముఖ్యమైన వివరణలను పరిశీలించి, వాటి బలాబలాలను అంచనా వేయగలుగుతారు.
- త్యాగం అనే ఆదర్శాన్ని ఎవరు ఎవరికి బోధిస్తున్నారు అనే ప్రశ్న ఎందుకు ముఖ్యమో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

గుడ్ ఫ్రైడే రోజున మన ప్రాంతంలోని చాలా చర్చిల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల దాకా ఆరాధన జరుగుతుంది. మీరు క్రైస్తవులైతే అందులో కూర్చుని ఉంటారు. కాకపోతే ఆ వీధిలో వెళ్తూ మైకులో విని ఉంటారు. యేసు సిలువపై పలికిన ఏడు మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని ప్రసంగిస్తారు. వినేవారికి ఆ ఏడు మాటలూ ఒకే కథలో ఒకదాని తరువాత ఒకటిగా ఉన్నట్టు అనిపిస్తుంది.

అయితే బైబిలు తెరిచి చూడండి. ఏ ఒక్క సువార్తలోనూ ఏడు మాటలు లేవు. మార్కు, మత్తయి సువార్తలు రెండింటిలోనూ ఉన్నది ఒకే మాట, దేవుడు తనను విడిచిపెట్టాడన్న కేక. లూకా సువార్తలో అది లేదు. అక్కడ వేరే మూడు మాటలున్నాయి. యోహాను సువార్తలో మరో మూడు ఉన్నాయి. ఈ మూడు పాయలనూ కలిపి ఏడుగా లెక్కించింది తరువాతి సంప్రదాయం. భక్తికి ఆ కూర్పు ఉపయోగపడవచ్చు. విమర్శకు మాత్రం ముందు పాయలను విడదీసి చూడటం అవసరం. ఎందుకంటే ఒక్కో రచయిత ఆ మరణాన్ని ఒక్కో తీరుగా అర్థం చేసుకున్నాడు.

ఈ పాఠంలో మన ప్రశ్న సూటిగా ఇది: దేవుడు మనుషుల కోసం త్యాగం చేశాడని క్రైస్తవులు అన్నప్పుడు, ఇచ్చింది ఎవరు? నశించింది ఎవరు? పుచ్చుకున్నది ఎవరు? ఈ విశ్వాసాన్ని నిరూపించడం గాని, ఖండించడం గాని ఇక్కడ మన పని కాదు. ఆ విశ్వాసం తనను తాను ఎలా వివరించుకుందో, ఆ వివరణల్లో ఏది మూలగ్రంథాలకు దగ్గరగా ఉందో, ఏది మనుషుల జీవితాలపై ఎలాంటి ప్రభావం చూపిందో పరిశీలించడమే మన పని.

2. రెండు మాటలు, మూడు స్థానాలు

తెలుగులో ఈ విషయం మాట్లాడటానికి మనకు రెండు మాటలున్నాయి: బలి, త్యాగం. మామూలు సంభాషణలో ఒకదాని బదులు మరొకటి వాడేస్తాం. వాటితో చేరే క్రియలను గమనిస్తే తేడా బయటపడుతుంది.

బలి ఇస్తారు. బలి అవుతారు. బలి తీసుకుంటారు. అంటే ఈ మాటలో మూడు స్థానాలున్నాయి. జాతరలో ఇంటి పెద్ద కోడిని బలి ఇస్తాడు. కోడి బలి అవుతుంది. అమ్మవారు బలి పుచ్చుకుంటుందని నమ్మకం. ఇచ్చేవాడు వేరు, పోయేది వేరు, పుచ్చుకునేది వేరు. బలి అయ్యేదాన్ని ఇష్టమా అని ఎవరూ అడగరు. అందుకే పత్రికల్లో లారీ ఇద్దరిని బలి తీసుకుందని రాస్తారు. అధికారుల తప్పుకు చిన్న ఉద్యోగి బలయ్యాడని మనం అంటాం. ఈ వాడుకలో గౌరవం కన్నా జాలి ఎక్కువ.

త్యాగం అలా కాదు. త్యాగం చేస్తారు. ఇచ్చేవారూ, నష్టపోయేవారూ ఒకరే. ఇష్టం లేనిదే అది త్యాగం కాదు. ఫలానా ఆయన చేత త్యాగం చేయించారని ఎవరైనా అంటే మనకు నవ్వైనా వస్తుంది, అనుమానమైనా వస్తుంది. చేయించిన త్యాగానికి అసలు పేరు బలి.

మన కావ్య, పురాణ సంప్రదాయంలో త్యాగమూర్తులకు కొదవ లేదు. వృత్రాసురుణ్ణి చంపడానికి వజ్రాయుధం కావాలని దేవతలు అడిగితే దధీచి తన ప్రాణం విడిచి ఎముకలిచ్చాడు. శరణు కోరిన పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి తన దేహాన్నే ఇచ్చాడు. ఈ కథలు తెలిసిన తెలుగు పాఠకుడికి ప్రాణత్యాగం అన్న భావన కొత్త కాదు. దధీచి కథలో ఒక ఋషి, అంటే ఒక మనిషి, దేవతల కోసం ఇచ్చాడు. క్రైస్తవ విశ్వాసంలో ఆ దిశ తిరగబడుతుంది. అక్కడ దేవుడు మనిషి కోసం ఇస్తాడు. 1875లో కృష్ణమోహన్ బెనర్జీ అనే బెంగాలీ క్రైస్తవ పండితుడు తన గ్రంథంలో వైదిక వాఙ్మయంలోని ప్రజాపతి యజ్ఞాన్నీ, క్రీస్తు మరణాన్నీ పక్కపక్కన పెట్టి చూపాడు. సృష్టికర్తే తనను తాను అర్పించుకోవడం అన్న ఊహ ఈ దేశానికి పరాయిది కాదని ఆయన వాదన. ఆ పోలికను మీరు అంగీకరించినా, అంగీకరించకపోయినా, ఆయన పట్టుకున్న అంశం సరైనది. ఇక్కడ చర్చ రక్తం గురించి కాదు, ఇచ్చేవాడు ఎవరన్నదాని గురించి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
బలి అనే మాటలోని మూడు స్థానాలు ఏవి? మీ రోజువారీ వాడుక నుంచి ఒక వాక్యం తీసుకుని ఆ మూడు స్థానాలను గుర్తించండి.

3. హెబ్రీ గ్రంథాల్లో బలి

యేసు మరణాన్ని బలిగా వర్ణించిన తొలి రచయితలు యూదు గ్రంథాలు ఎరిగినవారు. ఆ గ్రంథాల్లో బలి అంటే ఒకే అర్థం లేదు. ఈ విషయం మరిచిపోతే తరువాతి చర్చ అంతా తప్పుదారి పడుతుంది. మూడు ఉదాహరణలు చూడండి.

మొదటిది పస్కా గొర్రెపిల్ల. నిర్గమకాండం 12వ అధ్యాయంలో ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు ఇంటికొక గొర్రెపిల్లను కోసి, దాని రక్తాన్ని గుమ్మానికి పూసి, ఆ మాంసాన్ని కుటుంబమంతా తింటారు. ఇక్కడ పాపం ప్రస్తావన లేదు, శిక్ష ప్రస్తావన లేదు. ఆ గొర్రెపిల్ల దాస్య విముక్తికి గుర్తు.

రెండోది ప్రాయశ్చిత్త దినం. లేవీయకాండం 16వ అధ్యాయంలో రెండు మేకలు వస్తాయి. చీట్లు వేసి ఒకదాన్ని వధిస్తారు. దాని రక్తాన్ని ప్రధాన యాజకుడు తెర లోపలికి తీసుకెళ్తాడు. రెండో మేక తలపై చేతులుంచి ప్రజల పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అరణ్యంలోకి పంపేస్తాడు. జాగ్రత్తగా చదవండి. పాపాలు మోసే మేకను అక్కడ చంపరు. చంపిన మేకపై పాపాలు మోపరు. తరువాతి కాలపు ప్రసంగాల్లో ఈ రెండు మేకలూ కలిసి ఒకటైపోయాయి. పాపం మోసింది కాబట్టి చంపబడిందనే తర్కం అలా స్థిరపడింది. మూలంలో అది అంత సూటిగా లేదు.

మూడోది పేదవాడి అర్పణ. అదే లేవీయకాండం 5వ అధ్యాయంలో గొర్రెకు గాని, రెండు పక్షులకు గాని స్తోమత లేనివాడు కొంచెం పిండి తెచ్చి పాపపరిహారార్థ బలిగా అర్పించవచ్చునని ఉంది. అంటే ప్రాణం పోవడం ఆ వ్యవస్థకు ప్రతిచోటా తప్పనిసరి కాదు.

వీటికి తోడు ప్రవక్తల గొంతు ఉంది. హోషేయ, ఆమోసు, మీకా బలులను నిశితంగా విమర్శించారు. న్యాయం, కనికరం లేని చోట దేవుడికి బలులు రుచించవని వారి సందేశం. హోషేయ మాటను యేసు రెండుసార్లు గుర్తుచేసినట్టు మత్తయి సువార్త చెబుతుంది. కాబట్టి బలి కోరే దేవుడు, బలిని తిరస్కరించే దేవుడు ఇద్దరూ ఆ గ్రంథాల్లోనే ఉన్నారు. సువార్త రచయితలు ఈ ఉద్రిక్తతను వారసత్వంగా పొందారు.

4. మూడు కథనాలు

4.1 మార్కు: విడిచిపెట్టబడినవాడు

నాలుగు సువార్తల్లో మార్కు మొదటిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చిన క్రీ.శ. 70 ప్రాంతంలో అది రూపొందిందని భావిస్తారు. మార్కు శైలి పొదుపైనది. గెత్సేమనే తోటలో యేసు ఈ గిన్నె తన నుంచి తొలగించమని తండ్రిని వేడుకుంటాడు. జవాబు రాదు. శిష్యులు పారిపోతారు. సిలువపై ఆయన పలికే ఒకే ఒక మాట ప్రశ్న రూపంలో ఉంది. అది 22వ కీర్తనలోని మొదటి మాట. చుట్టూ ఉన్నవారు దాన్ని కూడా సరిగా వినరు. ఏలీయాను పిలుస్తున్నాడని అనుకుంటారు.

ఆ తరువాత మార్కు రెండు సంఘటనలను వెంటవెంటనే చెబుతాడు. మందిరపు తెర పైనుంచి కిందికి చినుగుతుంది. సిలువకు ఎదురుగా నిలబడిన రోమను శతాధిపతి, ఈయన నిజంగా దేవుని కుమారుడని ఒప్పుకుంటాడు. ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు రక్తంతో తెర దాటి లోపలికి వెళ్లడం మీరు పైన చదివారు. ఇక్కడ మనిషి లోపలికి వెళ్లలేదు. తెరే చినిగింది. చినిగిన దిశ కూడా పైనుంచి కిందికి. ఇచ్చే చెయ్యి పైదని మార్కు వ్యాఖ్యానం లేకుండా చూపుతున్నాడు. ఇక గుర్తించినవాడు ఎవరో చూడండి. ప్రార్థించే శిష్యుడు కాదు, ప్రాణం తీసే పనిలో ఉన్న సైనికాధికారి.

ఈ ఘట్టం చదువుతుంటే సంస్కృత నాటకం చదివినవారికి హర్షుడి నాగానందం గుర్తుకు రావచ్చు. ఏడో శతాబ్దానికి చెందిన ఆ నాటకంలో జీమూతవాహనుడు శంఖచూడుడనే నాగుడికి బదులుగా గరుడుడికి తనను అర్పించుకుంటాడు. తాను తింటున్నది ఎవరినో తెలిసిన గరుడుడు పశ్చాత్తాపపడి ఇక నాగులను చంపనని మాట ఇస్తాడు. ఆ త్యాగం గరుడుడి ఆకలి తీర్చడంతో ఆగలేదు, అతన్ని మార్చింది. మార్కులో శతాధిపతి పాత్ర చేసే పని కూడా ఇదే. తీసుకున్నవాడి కళ్లు తెరుచుకోవడమే ఆ మరణపు తొలి ఫలితం.

4.2 లూకా: క్షమించేవాడు

లూకా కథనంలో ఆ కేక లేదు. యేసు తనను సిలువ వేసేవారిని క్షమించమని ప్రార్థిస్తాడు. పక్కన వేలాడుతున్న నేరస్థుడికి ఆశ్రయం ఇస్తాడు. తండ్రి చేతుల్లో తన ఆత్మను అప్పగిస్తాడు. మొదటి ప్రార్థన కొన్ని ప్రాచీన రాతప్రతుల్లో లేదన్న సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. అది తరువాత చేరిందా, లేక కొందరు లేఖకులు తొలగించారా అన్న చర్చ ఉంది. లూకాలో శతాధిపతి మాట కూడా మారింది. ఈయన నీతిమంతుడని అతను అంటాడు. అంటే లూకా దృష్టిలో జరిగింది ఒక అన్యాయం, నిర్దోషి మరణం. ఆ అన్యాయానికి ఆయన ఇచ్చిన జవాబు క్షమ.

4.3 యోహాను: తానే ఇచ్చేవాడు

యోహాను సువార్తలో యేసు తన సిలువను తానే మోసుకుంటూ వెళ్తాడు. కురేనీయుడైన సీమోను అక్కడ కనిపించడు. తన ప్రాణాన్ని ఎవరూ లాక్కోరని, తానే పెడుతున్నానని ఆయన ముందే, 10వ అధ్యాయంలో చెప్పి ఉన్నాడు. తల్లిని శిష్యుడికి అప్పగిస్తాడు, దాహం అంటాడు, పని ముగిసిందని ప్రకటిస్తాడు. మరో మార్పు కూడా ఉంది. మిగిలిన మూడు సువార్తల్లో చివరి రాత్రి భోజనం పస్కా భోజనం. యోహానులో యేసు పస్కాను సిద్ధపరచే రోజునే మరణిస్తాడు. పస్కా గొర్రెపిల్లలను వధించే రోజు అది. ఆయన ఎముక ఒక్కటీ విరగలేదని రచయిత ప్రత్యేకంగా చెబుతాడు. పస్కా గొర్రెపిల్ల ఎముక విరచకూడదన్న నియమం దీనికి నేపథ్యం. యోహాను ఎంచుకున్న పోలిక శిక్షది కాదని, విముక్తిదని గమనించండి.

మూడింటినీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. మార్కులో బలి అవుతున్నవాడి బాధ ముందుంది. యోహానులో త్యాగం చేస్తున్నవాడి ఇష్టం ముందుంది. లూకాలో బలి తీసుకుంటున్నవారి పట్ల క్షమ ముందుంది. మూడు స్థానాల్లో ఒక్కోదానిపై ఒక్కో రచయిత వెలుగు వేశాడు. అయితే మూడు కథనాల్లోనూ ప్రాణం తీసింది తండ్రి అయిన దేవుడు కాదు. అప్పగించిన శిష్యుడు, భయపడిన అధికారులు, చేతకాని న్యాయం చేసిన పిలాతు, మేకులు కొట్టిన సైనికులు. సిలువ అప్పటి రోము బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక ఆరువేలమందిని అప్పియన్ రహదారి వెంట సిలువ వేశారు. యేసు మరణించింది బలిపీఠం మీద కాదు, అలాంటి ఒక కొయ్య మీద.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
మార్కు, లూకా సువార్తల్లో శతాధిపతి మాట ఎలా మారింది? ఆ మార్పు ఆయా రచయితల దృక్పథాన్ని ఎలా తెలుపుతుంది?

5. ఎవరికి చెల్లించారు?

యేసు ప్రాణాన్ని విమోచన క్రయధనంగా మార్కు 10వ అధ్యాయం వర్ణిస్తుంది. క్రయధనం అంటే బానిసను విడిపించడానికి కట్టే సొమ్ము. సొమ్ము అన్నాక పుచ్చుకునేవాడు ఉండాలి కదా? నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగరీ, సాతానుకు చెల్లించారని వివరించాడు. ఎరలో దాచిన గాలాన్ని చేప మింగినట్టు సాతాను మోసపోయాడని ఆయన పోలిక. ఆయన మిత్రుడైన నాజియాంజుస్ గ్రెగరీకి ఇది నచ్చలేదు. దొంగకు దేవుణ్ణే మూల్యంగా చెల్లించడం అవమానకరమని ఆయన అన్నాడు. పోనీ తండ్రికి చెల్లించారా? మనల్ని బంధించింది తండ్రి కాదే, ఇస్సాకును కూడా బలిగా పుచ్చుకోని తండ్రి తన కుమారుడి రక్తాన్ని ఎందుకు కోరతాడని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. పదహారు వందల ఏళ్ల తరువాత కూడా ఈ ప్రశ్నే గీటురాయి.

కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ 1098లో ముగించిన గ్రంథంలో కొత్త వివరణ ఇచ్చాడు. పాపం దేవుడి గౌరవానికి లోటు. ఆ లోటు తీర్చవలసింది మనిషి, తీర్చగలిగింది దేవుడు మాత్రమే. కాబట్టి దేవుడే మనిషి కావలసి వచ్చింది. ఇది ప్రభువు, సామంతుడు, గౌరవం అనే భూస్వామ్య యూరపు పదజాలం. ఆన్సెల్మ్ దృష్టిలో క్రీస్తు ఇచ్చింది శిక్షకు బదులైన పరిహారం. ఆయన శిక్ష అనుభవించాడని ఆన్సెల్మ్ అనలేదు. న్యాయశాస్త్రం చదివిన జాన్ కాల్విన్ పదహారో శతాబ్దంలో ఆ స్థానంలో శిక్షను తెచ్చాడు. మనకు పడవలసిన తీర్పు క్రీస్తుపై పడిందన్నాడు. మన ప్రాంతపు ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఈ వివరణే.

ఆన్సెల్మ్ తరువాతి తరానికి చెందిన పీటర్ అబెలార్డ్ వేరే దారి పట్టాడు. మారవలసింది దేవుడి మనసు కాదు, మనిషి మనసు. ఆ ప్రేమను చూసి మనిషిలో ప్రేమ పుడుతుంది, అదే విమోచన. నాగానందంలోని గరుడుణ్ణి తలుచుకుంటే ఈ వాదన మీకు తేలిగ్గా అర్థమవుతుంది. స్వీడన్ పండితుడు గుస్తాఫ్ ఔలేన్ 1930లో మరో మాట అన్నాడు. తొలి శతాబ్దాల క్రైస్తవులు సిలువను పాపంపై, మృత్యువుపై దేవుడు సాధించిన విజయంగా చూశారని, మొదటి నుంచి చివరి దాకా అది దేవుడి పనేనని గుర్తుచేశాడు.

ఈ వివరణలను తూచడానికి పౌలు లేఖల్లోని ఒక వ్యాకరణ విషయం మీకు సాయపడుతుంది. రెండో కొరింథీ పత్రిక 5వ అధ్యాయంలో సమాధానపరచడం అనే క్రియకు కర్త దేవుడు, కర్మ లోకం. కోపంగా ఉన్న దేవుణ్ణి ఎవరో శాంతపరిచారని అక్కడ లేదు. దూరమైన లోకాన్ని దేవుడు దగ్గరికి తెచ్చుకున్నాడని ఉంది. హెబ్రీ పత్రిక కూడా యాజకుణ్ణీ, బలినీ ఒకే వ్యక్తిగా చేసింది. ఇచ్చేవాడూ, పోయేవాడూ ఒకరే అయినప్పుడు, మనం రెండో భాగంలో చూసిన లెక్క ప్రకారం బలి త్యాగంగా మారిపోతుంది. క్రైస్తవ విశ్వాసంలోని అసలు నూతనత్వం ఇక్కడే ఉందని మన అభిప్రాయం.

6. వంతెన కాపలాదారు ఉపమానం

సిద్ధాంతం ఎక్కడ గాడి తప్పుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ప్రసంగాల్లో తరచుగా చెప్పే ఉపమానం ఒకటి ఉంది. ఒక తండ్రి రైలు వంతెన దించే పనిలో ఉంటాడు. రైలు వస్తోంది. అంతలో అతని కొడుకు ఆ యంత్రంలో పడిపోతాడు. కొడుకును కాపాడితే రైలు నదిలో పడుతుంది. తండ్రి ఏడుస్తూనే మీట నొక్కుతాడు. రైలులో ప్రయాణికులు ఏమీ తెలియకుండా నవ్వుకుంటూ వెళ్లిపోతారు. వినేవారి కళ్లు చెమరుస్తాయి.

ఇప్పుడు మన మూడు ప్రశ్నలు వేయండి. ఇచ్చింది ఎవరు? తండ్రి. పోయింది ఎవరు? కొడుకు. కొడుకుకు ఇష్టమా? అతన్ని ఎవరూ అడగలేదు. యోహాను సువార్తలో తన ప్రాణాన్ని తానే పెట్టిన యేసు ఈ కథలో లేడు. పిలాతు లేడు, సైనికులు లేరు. హింస చేసినవారంతా మాయమై, ఆ స్థానంలోకి తండ్రి వచ్చాడు. దేవుడే కుమారుడిలో తనను ఇచ్చుకున్నాడన్న క్రైస్తవ విశ్వాసం రెండు ముక్కలైంది. కఠినమైన తండ్రి ఒకవైపు, నోరులేని కొడుకు మరోవైపు మిగిలారు. కన్నీళ్లు తెప్పించే ఈ ఉపమానం త్యాగాన్ని మళ్లీ బలిగా మార్చేసింది.

దీనివల్ల వచ్చే నష్టం పుస్తకాలకు పరిమితం కాదు. 1989లో జోఆన్ కార్ల్‌సన్ బ్రౌన్, రెబెకా పార్కర్ అనే ఇద్దరు అమెరికన్ రచయిత్రులు ఒక వ్యాసంలో తీవ్రమైన అభియోగం చేశారు. తండ్రి కోరితే కొడుకు మౌనంగా హింస భరించడమే పరమధర్మమని నేర్పే మతం, ఇంట్లో దెబ్బలు తినే స్త్రీకి, బిడ్డకు ఏం నేర్పుతుందని వారు అడిగారు. ఈ ప్రశ్నను మన పరిసరాల్లోకి తెచ్చుకోండి. తాగివచ్చి కొట్టే భర్తను భరించడమే నీ సిలువ అని ఒక స్త్రీకి చెప్పినప్పుడు, అక్కడ త్యాగం అన్న పేరుతో ఎవరు ఎవరిని బలి ఇస్తున్నారు? అన్నదమ్ముల చదువు కోసం అక్క చదువు ఆగిపోయినప్పుడు, ఆమె త్యాగమయి అని మెచ్చుకునే ముందు ఆమెను ఎవరైనా అడిగారా? ఈ పాఠం చదివేవారిలో అలా చదువు ఆగి, ఏళ్ల తరువాత దూరవిద్యలో చేరినవారు ఉండవచ్చు. వారికి ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు.

సిలువను బాధితుల వైపు నుంచి చదివినవారూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడి ఖైదీల శిబిరంలో గడిపిన జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ 1972లో సిలువ వేయబడిన దేవుడి గురించి ఒక గ్రంథం రాశాడు. మార్కులోని కేకను ఆయన మెత్తబరచలేదు. కుమారుడు విడిచిపెట్టబడిన బాధను అనుభవిస్తే, తండ్రి కుమారుణ్ణి కోల్పోయిన బాధను అనుభవించాడని, నొప్పి దేవుడి బయట కాదు, దేవుడి లోపలే జరిగిందని అన్నాడు. 1980లలో అరవింద్ పి. నిర్మల్ మొదలైనవారు మన దేశంలో దళిత క్రైస్తవ వేదాంతాన్ని రూపొందించారు. తిరస్కారం, అపహాస్యం, ఊరి బయటి మరణం అనుభవించిన యేసులో వారు దళితుల అనుభవాన్ని చూశారు. ఈ పఠనంలో దేవుడు బాధపడమని ఆజ్ఞాపించేవాడు కాడు. బాధితుడి పక్కన కూర్చున్నవాడు.

7. ఎదుటి వాదన, మన అంచనా

ఇంతవరకు చెప్పినదానికి బలమైన ఎదుటి వాదన ఉంది. దాన్ని దాటవేయడం విమర్శ కాదు. దేవుడు ప్రేమిస్తాడు, క్షమిస్తాడు అంటే సరిపోతుందా? జరిగిన అన్యాయానికి లెక్క ఎవరు చెబుతారు? కాల్విన్ సంప్రదాయం అడిగేది ఇదే. హత్య చేసినవాణ్ణి న్యాయమూర్తి నవ్వుతూ వదిలేస్తే, చనిపోయినవాడి తల్లికి అది ప్రేమలా కనిపించదు. పాపానికి ఖరీదు ఉందని, ఆ ఖరీదును దేవుడు తేలిగ్గా తీసుకోలేదని చెప్పే శక్తి ఆ వివరణకు ఉంది. కేవలం అబెలార్డ్ మార్గంలో వెళ్తే ఈ బరువు జారిపోయే ప్రమాదం ఉంది. కారంచేడు, చుండూరు దళిత హత్యాకాండల జ్ఞాపకం ఉన్న నేల మనది. న్యాయం లేని క్షమ బాధితులను రెండోసారి గాయపరుస్తుందని ఇక్కడి పాఠకుడికి తెలుసు.

కాబట్టి మన అంచనా ఇలా ఉండాలి. తీర్పు అనే భావనను తీసివేయనక్కర్లేదు. తీర్పు చెప్పేవాడూ, ఆ భారాన్ని మోసేవాడూ ఒకరే అన్న అంశాన్ని మాత్రం వదలకూడదు. ఆ ఐక్యత తెగిన క్షణంలో, వంతెన ఉపమానంలో చూసినట్టు, సిద్ధాంతం క్రూరమవుతుంది. ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం క్రీస్తు తనను తాను ఖాళీ చేసుకుని దాసుడి రూపం ధరించాడని చెబుతుంది. ఖాళీ చేసుకున్నవాడు పైనున్నవాడు. ఇప్పటికే ఖాళీ చేతులతో ఉన్నవాడికి ఖాళీ కమ్మని చెప్పే హక్కు ఆ వాక్యం ఎవరికీ ఇవ్వదు. ఉన్నవాడు వదులుకోవడం త్యాగం. లేనివాడి నుంచి మిగిలింది కూడా లాక్కుని దానికి త్యాగమని పేరు పెట్టడం మోసం.

8. సారాంశం

బలిలో ఇచ్చేవాడు, అయ్యేవాడు, తీసుకునేవాడు వేరు వేరు. త్యాగంలో ఇచ్చేవాడూ, నష్టపోయేవాడూ ఒకరే. హెబ్రీ గ్రంథాల్లో బలికి విముక్తి, శుద్ధి, కృతజ్ఞత వంటి పలు అర్థాలున్నాయి. మార్కు బాధను, లూకా క్షమను, యోహాను స్వచ్ఛందతను ముందుంచారు. ఎవరికి చెల్లించారన్న ప్రశ్నకు తరువాతి ఆలోచనాపరులు వేరు వేరు జవాబులు ఇచ్చారు. మనం పరిశీలించిన కథనాల ప్రకారం ఇచ్చినవాడు దేవుడు, పోయినవాడు దేవుడు, తీసుకున్నది మనిషి హింస. ఆ హింసను ఆశీర్వదించడం దైవత్యాగ భావన ఉద్దేశం కాదు, బయటపెట్టడం దాని ఉద్దేశం.

1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన గుర్రం జాషువ క్రీస్తు చరిత్ర మీకు అందుబాటులో ఉంటే, సిలువ ఘట్టం దగ్గర ఆగి ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి. తరువాత గుడ్ ఫ్రైడే ప్రసంగం విన్నా, ఇంట్లో ఎవరినైనా త్యాగమూర్తి అని పొగుడుతుంటే విన్నా, అవే ప్రశ్నలు వేయండి. ఇచ్చింది ఎవరు? పోయింది ఎవరిది? పుచ్చుకున్నది ఎవరు?

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. యేసు మరణాన్ని మార్కు, లూకా, యోహాను చిత్రించిన తీరును పోల్చి విమర్శించండి.
2. ఆన్సెల్మ్, అబెలార్డ్, కాల్విన్ వివరణల బలాబలాలను పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. లేవీయకాండం 16వ అధ్యాయంలోని రెండు మేకల పాత్రలను వివరించండి.
2. వంతెన కాపలాదారు ఉపమానంలోని లోపం ఏమిటి?
3. నాగానందంలోని గరుడుడికీ, మార్కులోని శతాధిపతికీ ఉన్న పోలిక ఏమిటి?